ఎర్రెద్దుతో వచ్చిన మల్లయ్య

1986 జూలై. హుస్నాబాద్‌కు పది కిలోమీటర్ల అవతల ఒక ఊళ్ళో, పశువైద్య ఉపకేంద్రంలో నేను వెటర్నరీ అసిస్టెంట్‌ని. డాక్టరు గారు హుస్నాబాద్ నుంచి వారానికోసారి వచ్చేవారు. మిగిలిన రోజుల్లో సూది వేయాలన్నా, గాయానికి కట్టు కట్టాలన్నా, గొర్రెలకు కడుపులో నట్టలు, అంటే పురుగులు, పోయే మందు తాగించాలన్నా నేనే. రెండు గదుల పెంకుటిల్లు, దాని ముందు ఒక ట్రెవిస్. ట్రెవిస్ అంటే పశువు కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, కడుపులో అడ్డం తిరిగిన దూడలను బయటికి తీశాను, గాలికుంటు రోగం వచ్చినప్పుడు నా తిండి కూడా మరిచి మందలకు మందలు చూశాను. కానీ గర్వంగా చెప్పుకునే కేసు ఒక్కటి చెప్పమంటే, ఏ జబ్బూ లేని ఒక ఎద్దు గురించి చెబుతాను.

దాన్ని తోలుకొచ్చిన రైతు పేరు మల్లయ్య. నలభై అయిదు దాటిన మనిషి. ఆరు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో నాలుగెకరాల మెట్ట చెలక, ఒక బావి. వరుసగా రెండేళ్ళు వానలు మొహం చాటేయడంతో బావి అడుగంటింది. మక్కజొన్న మోకాలెత్తున ఎండిపోయింది. మేత లేక కాడెద్దుల్లో ఒకదాన్ని అమ్మేశాడని, మిగిలింది ఈ ఎర్రెద్దేనని చెప్పాడు. ఏమైందని అడిగితే, మేత ముట్టడం లేదని, రాత్రంతా పడుకోకుండా నిలబడే ఉంటుందని, ఎటో చూస్తూ ఉంటుందని అన్నాడు.

ట్రెవిస్‌లో పెట్టి చూశాను. జ్వరం లేదు. ముట్టె మీద చెమ్మ ఉంది, అది ఆరోగ్యానికి గుర్తు. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూశాను. పశువు మొదటి పొట్టను మేం రూమెన్ అంటాం, అది సరిగా కదులుతుంటే చేతికి అల వచ్చి తగిలినట్టు తెలుస్తుంది. ఈ ఎద్దుకు చక్కగా తెలుస్తోంది. ఆకలి పెంచే పొడి ఒక పొట్లం కట్టిచ్చి పంపాను.

నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాడు. అవే మాటలు. మళ్ళీ చూశాను, ఏమీ లేదు. మరో వారానికి మూడోసారి వచ్చాడు. ఈసారి ఇంకో మాట కలిపాడు.

"దానికి బతుకు మీద పానం లేదు సారూ."

ఎద్దు గురించి అలా చెప్పిన రైతును నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఆ మాట అంటుండగానే, పక్కనున్న మోపులోంచి ఎద్దు పచ్చగడ్డి లాక్కొని కరకర నములుతోంది. అప్పుడు ఎద్దును వదిలి మనిషిని చూశాను. అంగీ ఒంటి మీద వేలాడుతోంది. మెడ కింద ఎముకలు లేచి కనిపిస్తున్నాయి. గడ్డం మాసి ఎన్నాళ్ళయిందో. కళ్ళ కింద గుంటలు. పగ్గం ఆయన చేతిలోంచి జారి కింద పడి ఉంది, ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఎద్దును నీడకు కట్టేసి ఆయన్ను లోపల బల్ల మీద కూర్చోబెట్టాను. చాయ్ తెప్పించాను. తాగలేదు.

"కాకా, ఎద్దు సంగతి తర్వాత మాట్లాడుదాం. నువ్వు తింటున్నవా?" అని అడిగాను.

"ఎద్దుకేం కాలే సారూ. నాకే," అన్నాడు.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. పొద్దున లేస్తే ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంటుందట. అన్నం మట్టిలా అనిపిస్తుందట. చెలక దిక్కు పోవాలంటే కాళ్ళు రావట. ఊళ్ళో అందరికీ కరువే, అందరూ ఏదో విధంగా లేచి తిరుగుతున్నారు, తానే ఎందుకూ పనికిరాని మొగోడినయ్యానని అన్నాడు.

ఇంకొక ప్రశ్న అడగాలని నాకు తెలుసు. నోరు రాలేదు. ఆ మాట అంటే లేని ఆలోచన నేనే పెట్టినవాణ్ణి అవుతానేమోనని భయం. నా చదువు పశువుల చదువు. మనుషుల సంగతి నాకెవరూ నేర్పలేదు. అయినా ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే అడగక తప్పదనిపించింది.

"సచ్చిపోవాలె అనిపిస్తుందా కాకా?"

ఆయన ఉలిక్కిపడలేదు. కోపం తెచ్చుకోలేదు. భుజాలు కిందికి దిగాయి, అంతే.

"అనిపిస్తది. గీ ఎద్దును ఎవలకన్న అప్పజెప్పి పోదామని చూస్తున్న. మీరు ఎట్ల చూస్తరో చూద్దామని మూడు మాట్ల వచ్చిన. మీరైతె మంచిగ చూస్తరు."

ఇన్ని రోజులుగా ఆయన నా దగ్గరికి ఎందుకు వస్తున్నాడో అప్పుడు అర్థమైంది.

ఆయన్ను ఒంటరిగా పంపలేదు. కేంద్రానికి తాళం వేసి, ఎద్దు పగ్గం నేను పట్టుకొని, ఆరు కిలోమీటర్లు ఆయనతో నడిచాను. దారిలో పెద్దగా మాట్లాడుకోలేదు. ఇంటి దగ్గర ఆయన భార్య రాజవ్వ కంది పప్పు చెరుగుతోంది. మల్లయ్య ఎదుటే ఆమెకు అన్నీ చెప్పాను, చాటున చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె చాట కింద పెట్టింది.

"నాకు ఎరుకే సారూ. ఎవలకు జెప్పాలెనో ఎరుక లేక ఊకున్న," అంది.

ఇది మీ తప్పు కాదు, ఆయన తప్పూ కాదు, ఇదొక జబ్బు అయి ఉంటుందని, రేపే మనుషుల డాక్టరుకు చూపిద్దామని చెప్పాను. అప్పటిదాకా ఆయన్ను ఒక్కణ్ణి వదలొద్దన్నాను. ఇంట్లో ఉన్న పురుగుల మందంతా నాకు ఇచ్చేయమంటే, మారు మాట్లాడకుండా తెచ్చి ఇచ్చింది. దాన్ని మా కేంద్రం అల్మారాలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టరు. బయట లైను ఉన్నా తలుపు వేసి అరగంట విన్నాడు. దీన్ని డిప్రెషన్ అంటారని, మనసు కుంగిపోయే జబ్బని, మందులతో తగ్గుతుందని చెప్పాడు. వరంగల్‌లో మనసు జబ్బుల డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. మల్లయ్య అక్కడ అడ్డం తిరిగాడు. ఆ దవాఖానకు పోతే ఊళ్ళో పిచ్చోడంటారని, రానని.

"ఎద్దు కోసమని మూడుసార్లు ఎండల నడుస్తివి. నీ కోసం ఒక్కసారి బస్సు ఎక్కవా కాకా?" అన్నాను.

ఆయన రాజవ్వ వైపు చూశాడు. ఆమె అప్పటికే చీటీని కొంగున ముడి వేసుకుంది. రెండు రోజులు సెలవు పెట్టి నేనూ వాళ్ళతో వరంగల్ వెళ్ళాను. అక్కడి డాక్టరు మాత్రలు రాసి, మూడు నాలుగు వారాల దాకా గుణం కనిపించదని, మధ్యలో ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు.

ఊరి వాళ్ళ మాటల భయం పోవడానికి నేనొక వంక పెట్టాను. ప్రతి గురువారం ఎర్రెద్దును పరీక్షకు తోలుకు రమ్మన్నాను. ఎద్దుకు మందు నడుస్తోందంటే ఎవరూ ఏమీ అడగరు. వచ్చేవాడు. ఎద్దును రెండు నిమిషాలు చూసేవాణ్ణి, ఆయనతో గంట మాట్లాడేవాణ్ణి.

మూడో గురువారం రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి సైకిల్ వేసుకొని వెళ్ళాను. ఆ ఆరు కిలోమీటర్లు ఎలా తొక్కానో నాకు తెలియదు. చెలకలో బావి పక్కన తుమ్మచెట్టు కింద కూర్చొని ఉన్నాడు, కొంచెం దూరంలో రాజవ్వ కలుపు తీస్తున్నట్టు కనిపిస్తూ ఆయన్నే కనిపెట్టుకొని ఉంది. నాలుగు రోజులుగా మాత్రలు మానేశాడట. నోరు ఎండిపోతోంది, మత్తుగా ఉంటోంది, ఏమీ తగ్గలేదు, ఇక ఎందుకని.

పక్కన కూర్చున్నాను. "కాకా, ఇరిగిన కాలుకు కట్టు కడితె తెల్లారి నడుస్తదా ఎద్దు?"

"నడువది."

"మరి?"

మల్లయ్య లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రమే కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన వరంగల్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి మోతాదు మార్చాడు. ఆనాటి నుంచి మాత్రలు రాజవ్వ దగ్గరే ఉండేవి. తాను చూస్తుండగా మింగించేది.

ఆరో వారంలో ఆమె నా దగ్గరికి ఒక్కతే వచ్చింది. భయపడ్డాను. నిన్న మక్కరవ్వ గట్క తిని మళ్ళీ పెట్టమన్నాడని చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆ గురువారం మల్లయ్య వచ్చి, ఉలవలు ఇప్పుడు చల్లితే వస్తాయా అని అడిగాడు. నేను వ్యవసాయ శాఖ వాణ్ణి కాదు, నాకేం తెలుసు. కానీ రేపటి గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. వస్తాయి కాకా, చల్లమన్నాను. అవి నిజంగానే మొలిచాయి కూడా.

ఆ డిసెంబరులో పై అధికారి తనిఖీకి వచ్చి రిజిస్టరు తిరగేశారు. ఒకే ఎద్దు, ప్రతి గురువారం, ఏ రోగమూ రాయలేదు, మందూ రాయలేదు, ఇదేమిటని గట్టిగా అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనన్న భయం ఉన్నా ఏదీ దాచలేదు. ఆయన రిజిస్టరులో సంతకం పెట్టి, "గురువారం వేరే క్యాంపులు పెట్టుకోకు," అని మాత్రం అని జీపెక్కారు.

మల్లయ్య దాదాపు ఏడాది మందులు వాడాడు. డాక్టరు చెప్పాకే ఆపాడు. మరుసటి ఎండాకాలంలో ఒకరోజు ఎద్దు లేకుండా వచ్చాడు. వెంట పక్క ఊరి రైతు, అతని చేతిలో ఒక మేక తాడు. మేక సరిగా తినడం లేదని ఆ రైతు మొదలుపెట్టాడు. మల్లయ్య మధ్యలో ఆపాడు.

"మేక మంచిగనె ఉన్నది సారూ. మీరు జర గీయనను చూడుండ్రి. నాకు నా తీరె కనవడ్డది." ఆ రైతు తల వంచుకున్నాడు. అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, మల్లయ్యే పక్కన కూర్చున్నాడు. నేను అడగాల్సిన ప్రశ్నలు సగం ఆయనే అడిగాడు, నాకన్నా బాగా అడిగాడు.

ఆ తర్వాత జమ్మికుంట వైపు, ఖానాపూర్ వైపు పనిచేశాను. పత్తి పోయిన సంవత్సరాలు చూశాను. ఎక్కడ పనిచేసినా, పశువు పగ్గం అందుకునే ముందు దాన్ని పట్టుకున్న మనిషి ఎలా ఉన్నాడో అడగడం అలవాటు చేసుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న అసిస్టెంట్లకూ అదే చెప్పాను. కొందరు నవ్వారు. కొందరు తర్వాతెప్పుడో, అలా అడగడం ఒకరికి పనికొచ్చిందని ఉత్తరం రాశారు.

మల్లయ్యకు నయం చేసింది డాక్టర్లు, మాత్రలు, రాజవ్వ. నా వంతుగా నేను చేసినవి రెండే. అడగడానికి భయమేసిన మాటను అడిగాను. జవాబు విన్నాక ఆయన్ను ఒంటరిగా ఇంటికి పంపలేదు. నా సర్వీసు మొత్తంలో అంతకన్నా పెద్ద పని నేను చేయలేదు.