కేటా అల్లుడు, మా ఉప్పాడ రమణ

నిన్న పొద్దున్న లండన్ హౌన్స్‌లోలో బస్సెక్కబోతుంటే జిఫా ఫోన్.

"అన్నయ్యా, రమణ పోయాడు."

తెలుగులోనే చెప్పింది. ఆ మాట కూడా రమణే నేర్పి ఉంటాడు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. బస్సు వెళ్ళిపోయింది. నేను స్టాప్‌లోనే నిలబడిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. జిఫా రమణ భార్య, ఇక్కడ నర్సు. పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా దేశపు వోల్టా ప్రాంతంలోని కేటా. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మన పులికాట్ లాంటి సరస్సు, నడుమ సన్నటి ఇసుక మీద ఊరు. పాత ఊరినీ, ఒకప్పుడు బానిసల్ని బంధించిన కోటలో సగాన్నీ సముద్రం మింగేసింది. చుట్టుపక్కల ఊళ్ళ నిండా మగ్గాలు.

మొదటిసారి అత్తారింటికి వెళ్ళినప్పుడు రమణ అక్కడినుంచే ఫోన్‌లో అరిచాడు. "ఒరేయ్, ఇది మన ఉప్పాడేరా! ఊరిని మింగే అదే కెరటం, అదే నేత. మనుషులే కాస్త మంచోళ్ళు!"

ఒక ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళమంతా చేరిన వెంబ్లీ హాల్‌కి ఆ నేత బట్టే భుజాన వేసుకొచ్చాడు.

"ఏంటి బావా, బెడ్‌షీట్‌తో వచ్చేశావ్?" అన్నాడొకడు.

"మీ ఆవిడ కట్టిన ఉప్పాడ చీరకి ఇది అక్కగారు బావా. దణ్ణం పెట్టుకో."

ఆ రోజే స్టేజీ మీద జిఫావాళ్ళ పూర్వీకుల కథ చెప్పాడు. ఒక క్రూరుడైన రాజు కోటగోడల మధ్య వాళ్ళు బందీలు. గోడకి కన్నం చేసి, రాత్రికి రాత్రి వెనక్కి నడుస్తూ పారిపోయారట. అడుగులు చూసినవాడికి జనం లోపలికి వచ్చినట్టే కనబడాలని.

చూపిస్తానంటూ తనూ వెనక్కి నడిచి, మైక్ స్టాండ్ మీద పడ్డాడు. హాలంతా నవ్వు. అందరికంటే గట్టిగా జిఫా నవ్వింది. ఆమె పక్క కుర్చీలు రెండువైపులా ఖాళీ.

ఆ కుర్చీలు నింపాలనే వాడి తపనంతా. ఆమె ఊరు చూస్తే ఆమెను చూస్తారనుకున్నాడు పిచ్చోడు. కేటా, కోట, కొండల్లో జలపాతం, అన్నీ కలిపి ట్రిప్ వేశాడు. చాలామంది పేర్లిచ్చారు. ఈలోగా ఎబోలా వార్తలొచ్చాయి. జబ్బున్న దేశాలు వేరు, ఘనా వేరు అని గ్రూపులో మ్యాప్ పెట్టాడు.

"ఆఫ్రికా ఆఫ్రికానే కదా బ్రో" అన్నారు.

అదే సెలవుల్లో స్విట్జర్లాండ్ వెళ్ళి మంచులో ఫొటోలు దిగారు. రమణ వాటికి లైకులు కొట్టాడు. నేనైతే కొట్టను. మర్యాద మాటున, ఇక్కడ రంగు పేరుతో సాగే ఇలాంటి కులగజ్జినే నేను జీవితమంతా తిడుతూ వచ్చాను. సముద్రం దాటొచ్చినా, అది మనకంటే ముందే లగేజీలో దిగింది.

నిన్న సాయంత్రం రమణ ఫ్లాట్‌కి మనవాళ్ళు వచ్చారు. జిఫా కుర్చీలు వేసింది. గడప దగ్గరే ఆగి ఒక పెద్దాయన నన్నడిగాడు. "మన పద్ధతులు ఆవిడకి తెలుస్తాయంటావా?"

"తెలుసు అంకుల్. లోపలికొచ్చి కూర్చోండి" అంది జిఫా, తెలుగులో.

పార్కింగ్ టైమ్ అయిపోతోందన్నాడు. ఒక్కరూ కూర్చోలేదు.

ఇప్పుడు ఫేస్‌బుక్ నిండా వాళ్ళవే నివాళులు. "మిస్ యూ బ్రో", "లెజెండ్", దణ్ణాలు. చూసినవాడికి ఊరంతా ఆ ఇంట్లోకి వచ్చినట్టే కనబడుతుంది.

మీరు వెనక్కి నడిచారు. నేను చూశాను.

వెళ్ళిరా రమణా. రెండు ఊళ్ళని మింగిన ఆ రెండు సముద్రాలూ నీ దగ్గరైనా నెమ్మదించాలి.