రాణి చేత మన మాట పలికించిన పిన్ని

పిన్ని పోయింది. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తబోతూ గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడిందట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. బాబాయి ఫోన్ చేసి "మీ పిన్ని లేదమ్మా" అని మాత్రం అని పెట్టేశాడు. అప్పుడు నేను చీపురుపల్లిలో మా ఇంట్లో అట్లపిండి కలుపుతున్నాను. అలాగే స్టేషనుకి పరిగెత్తాను. రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ "ఏటమ్మా, సేతికి ఆ పిండేటి?" అని అడిగితేగానీ చెయ్యి కడుక్కోలేదని నాకు తెలీలేదు.

పిన్ని నాకు చుట్టం కాదు. విజయనగరంలో స్టీలు సామాన్ల షాపు వాళ్లది. మా నాటకాల బృందాన్ని నడిపిందీ, మాకు నేర్పిందీ ఆవిడే. అందరం పిన్ని అనేవాళ్లం, అందుకని ఆవిడ భర్త మాకు బాబాయి. మాలో ఆటో నడిపే తమ్ముడున్నాడు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఉంది, బట్టలు కుట్టుకునే నేనున్నాను. పగలంతా ఎవరి బతుకు వాళ్లది. సాయంత్రమైతే విజయనగరంలో మా రిహార్సల్ హాలుకి చేరాలి, నేనైతే చీపురుపల్లినుంచి రైల్లో. ఆలస్యమైందా, "దయసేసినారా బాబూ, మీకోసమే సూస్తన్నాం" అని గుమ్మంలోనే వాయించేసేది.

నేను ఆవిడకి ఎలా దొరికానో చెప్పాలి. కొత్త కుక్కరు మూత పక్కనుంచి ఆవిరి పోతోందని మార్పించుకోడానికి వాళ్ల షాపుకెళ్లాను. బాబాయి "వాడిన సరుకు మార్చమమ్మా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడకుండా ఆవిరి పోతోందని ఎలా తెలుస్తుంది, బొట్టుపెట్టి దేవుడి గదిలో పెట్టుకోవాలా, మీ ఇంట్లో కుక్కరు చూసుకోడానికి కొన్నారా అని ఎత్తుకున్నాను. షాపులో జనమంతా బేరాలు మానేసి నన్నే చూస్తున్నారు. లోపలినుంచి పిన్ని వచ్చింది. బల్ల మీద మోచేతులు ఆనించి, నేను అయ్యేదాకా నిదానంగా వింది.

"ఇంకా ఉన్నాదా, అయిపోనాదా?" అని అడిగింది.

అయిపోయిందన్నాను.

"నీ కోపం బాగుందమ్మా. ఆ సివరి సందు దాకా ఇనపడతాది. సాయంత్రం హాలుకి రా."

"మరి కుక్కరు సంగతేటి?"

"ముందు నువ్వు రా."

వెళ్లాను. కుక్కరు మార్చింది, కాకపోతే నాటకం ఆడిన తరవాత. అంతవరకూ మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడికింది. పుట్టి బుద్ధెరిగాక నా కోపాన్ని బాగుందన్న మనిషి ఆవిడొక్కర్తే. ఇంట్లో అందరూ నోరుమూసుకోమన్నవాళ్లే. ఆ ఒక్క మాటకి ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఉన్నప్పుడు సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

రిహార్సల్లో ఎప్పుడూ కూర్చునేది కాదు. కొంగు నడుముకి దోపుకుని చివరి వరస వెనక నిలబడేది. మొదట్లో నేను ప్రతి డైలాగుకీ బొటబొటా ఏడ్చేదాన్ని. "నువ్వే ఏడ్సీస్తే జనానికేటి మిగులుతాది?" అనేది. మా ఆటో తమ్ముడు రాజు వేషం వేసి ఛాతీ విరుచుకుని నడిస్తే, "ఒరే, రాజుకి కడుపునొప్పి రాదేటి? మామూలుగా నడు" అనేది. బాగా తిట్టిన రోజున ఆవిడే ఉప్మా చేసి తెచ్చిపెట్టేది. తిట్టకపోతే ఉప్మా లేదు. అందుకని తిట్లు ఊపందుకుంటే మేం ఒకళ్లనొకళ్లం చూసుకుని నవ్వాపుకునేవాళ్లం.

ఏటా సీజను మొదలయ్యేముందు మమ్మల్ని రామతీర్థం తీసుకెళ్లేది. దర్శనమయ్యాక పులిహోర తింటూ, చుట్టుపక్కల కూర్చున్నవాళ్లని చూడమనేది. "ఆవిడ సూడు, మొగుడి మీద కసురుకుంటంది. గొంతెత్తిందేటి? ఎత్తలేదు. అయినా ఆయన బేగి లేసినాడు. డైలాగంటే అదీ." ఆ మాట వినపడి ఆ మొగుడు మావైపు తిరిగి చూస్తే, పిన్ని ఆయనకీ ఒక ఆకులో పులిహోర పెట్టి ఇచ్చింది.

ఆవిడకి నిజంగా ఒళ్లుమండే సంగతి ఒకటుంది. బయటినుంచి మేం తెచ్చుకునే నాటకాల్లో మా శ్రీకాకుళం, విజయనగరం మాట మాట్లాడేవాడు నౌకరో, దొంగో, తాగుబోతో అయ్యుంటాడు. వాడు నోరు తెరవగానే జనం నవ్వాలి. నవ్వేదీ మేమే, మా మాటకే. ఒకసారి అలాంటి నాటకం చదువుతుంటే పిన్ని మధ్యలో ఆపేసింది. "మన మాట ఆడినోడి సేతికి ఎప్పుడూ సీపురో, సారా సీసావో ఇస్తారేటి? మనోళ్లు సచ్చిపోతే మనం ఏడవమేటి?" అంది. ఆ నాటకం మేం ఆడలేదు. ఇది రాస్తుంటే కూడా నా చెయ్యి బడిలో నేర్పిన తెలుగు వైపే పోతోంది. పిన్ని చదివుంటే, "ఓసి, నువ్వెప్పుడిలాగ మాటాడినావే?" అని ఆటపట్టించేది.

ఈ కార్తీకంలో మొదలయ్యే సీజనుకి నాలుగు నాటకాలు, రెండు పాటల నాటకాలు అనుకున్నాం. విజయనగరంలో మొదలుపెట్టి, చీపురుపల్లిలో ఆడి, మాఘంలో అరసవల్లిలో ముగించాలి. అన్నిటికంటే ముందు ఆడేది పిన్ని సొంతంగా రాసిన పాటల నాటకం. యుద్ధానికి వెళ్లిన రాజు శవమై తిరిగొస్తే రాణి ఏం చేసిందన్నది కథ. మా అమ్మ దగ్గర కూర్చుని, ఊడుపుల్లో పాడుకునే వరసలు పట్టుకుని పాటలు కట్టింది. ఆ రాణి మా మాట మాట్లాడుతుంది. రాణి వేషం నాది.

మా బృందానికి ప్రెసిడెంటుగారు ఒకరున్నారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. పిన్నిని సొంత చెల్లెల్లా చూసుకునేవారు. రాణి మాట దగ్గర మాత్రం ఆయనకి మనసొప్పలేదు. "రాణి 'ఏటి' అంటే హాలంతా నవ్వుతారమ్మా" అనేవారు. "నవ్వనీండి బాబూ. కాసేపటికి ఆళ్లే మానీస్తారు" అనేది పిన్ని. అది తేలకముందే ఆవిడ వెళ్లిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాటి సాయంత్రం హాల్లో కలిశాం. సీజను మానేద్దామని ఎవరూ అనలేదు. ప్రెసిడెంటుగారు నన్ను పక్కకి పిలిచి, రాణి మాటలు మామూలు తెలుగులో చెప్పమన్నారు. ఆవిడ ఉండగా చేయించలేనిది పోయాక చేయిస్తారా అని ముఖం మీదే అనేశాను. ఆయన నొచ్చుకోలేదు.

"చదువుకోడానికి పై ఊరు వెళ్లినప్పుడు, నేను నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేవారమ్మా. కొన్నాళ్లు మాట్లాడ్డమే మానేశాను. తరవాత ఈ భాష నేర్చుకున్నాను. నన్ను చూసి నవ్వినట్టు ఆవిడ నాటకాన్ని చూసి నవ్వితే నేను తట్టుకోలేను. ఎదురు చెప్పడానికి ఇప్పుడు ఆవిడ కూడా లేదు కదా."

నా కోపం ఎటు పోయిందో. పాపం, ఆయన బాధ ఆయనది. నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది. జనం నవ్వితే ఆ నవ్వు ఆగేదాకా స్టేజీ మీద నిలబడాల్సింది నేను. చివరి వరస వెనక పిన్ని ఉండదు. "ఒకసారి మీరన్నట్టు చెప్తాను, ఒకసారి ఆవిడ రాసినట్టు చెప్తాను. విని మీరే తేల్చండి" అన్నాను. సరేనన్నారు.

అంతలో బాబాయి వచ్చాడు. మేకప్ గది తాళం పిన్ని దగ్గరుండిపోతే ఇవ్వడానికొచ్చాడు. సాయంత్రాలు షాపు చూసుకోవాలి కాబట్టి ఆయన మా నాటకాలు చూసింది తక్కువ. పిన్ని పోయిన రోజునుంచీ ఆయన కంట చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. ఏడవలేదని జనం చెవులు కొరుక్కున్నారు. ముందు వరసలో కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు.

ఆటో తమ్ముడు శవంలా చాప మీద పడుకున్నాడు. మొదట మామూలు తెలుగులో చెప్పాను, "ప్రభూ, నన్ను ఒంటరిని చేసి వెళ్లిపోయారా" అని. బాగానే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. బాబాయి తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. తరవాత పిన్ని రాసింది మొదలెట్టాను.

"లెగు. ఏటలాగ పడుకున్నావు? సెప్పకుండా ఎల్లిపోడమేటి? పొద్దున్న బానే ఉన్నావు గదా. ఏటైనా తిని ఎల్లమన్నాను, తిన్నావు కాదు. ఇప్పుడు నానెవులితో మాటాడతాను?"

తొలి మాటకి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేదు. తిని వెళ్లమన్నానన్న చోట బాబాయి లేచి నిలబడ్డాడు. "అవునమ్మా, తిన్నాది కాదు" అన్నాడు. ఆ పైన కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని గొల్లున ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఆయన లోపల ఎంత పెట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. నేను డైలాగు ఆపేసి ఆయనవైపు తిరిగాను. ప్రెసిడెంటుగారు వెళ్లి ఆయన పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేశారు. కాసేపటికి నావైపు చూశారు.

"ఆపకు తల్లీ" అన్నారు. "రాణి అలాగే మాటాడతాది."

పాట అందుకోడానికి రాజు వైపు తిరిగాను. చచ్చి పడున్నవాడి మూసిన కళ్లలోంచి నీళ్లు రెండు చెవుల్లోకీ కారిపోతున్నాయి. తుడుచుకోడానికి లేదు. నా పాట అయ్యేదాకా వాడు చచ్చిపోయే ఉండాలి.