కుడిచేతి పక్క గోడ

నాకు కుదురు లేదు. హిందూపురంలో నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రాగితీగ చుట్టాలి. చేతులు తీగ చుడుతుంటే బల్ల కింద కాళ్లు ఊగుతూనే ఉంటాయి. "ఏమప్పా, కాళ్లకు కూడా కరెంటు ఇచ్చినావా?" అని బోరు మోటారు తెచ్చిన రైతులు ఎగతాళి చేస్తారు. ఆ కాళ్ల పోరు పడలేకే నలభై దాటాక పరుగు మొదలుపెట్టాను. తర్వాత సైకిలు, చివరికి ఈ ట్రయథ్లాన్ పిచ్చి. ముందు ఈత, ఆపైన సైకిలు, ఆపైన పరుగు. మధ్యలో కూర్చునే పనే లేదు. నాలాంటివాడి కోసమే పెట్టిన ఆట అనుకున్నాను.

పోయినేడు ఆ ముచ్చట ధర్మవరం చెరువులోనే తీరిపోయింది. కట్ట పక్కనే ఈ కొస నుంచి ఆ కొసకు ఈదాలి. తిన్నగానే పోతున్నాననుకుని తల ఎత్తి చూస్తే చెరువు నడిమధ్యలో ఉన్నాను. గడువు దాటిపోయింది. పడవవాళ్లు చంకల కింద చేతులు వేసి నన్ను పైకి లాగారు. కట్ట మీద జనం చప్పట్లు కొట్టారు. పాపం అని కొట్టే చప్పట్లు ఎంత మంట పుట్టిస్తాయో ఆరోజు తెలిసింది. సైకిలంటే, పరుగంటే నాకు భయం లేదు. ఈసారి కూడా పడవ ఎక్కాల్సి వస్తే మాత్రం సైకిలు అమ్మేస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను.

ఈసారి చూడటానికి అక్క వచ్చింది. ఆమె కాపురం ధర్మవరంలోనే, మగ్గం నేస్తుంది. పోయినేడు సిగ్గుపడి ఆమెకు చెప్పనే లేదు. ఎవరో చెప్పినట్టున్నారు. తెల్లవారేసరికి చిలకపచ్చ చీరలో కట్ట మీద నిలబడి ఉంది. అటూ ఇటూ తిరుగుతున్న నన్ను చెయ్యి పట్టి ఆపింది.

"పోయినేడు యాడికి పోయినావురా?"

వేలెత్తి చూపించాను. ఆమె నడి చెరువు వైపు చూసి పకపకా నవ్వింది.

"ఈడ కూడా మన బావిలో తిరిగినట్ల తిరిగినావా?"

ఆ మాటతో నాకు అసలు సంగతి తట్టింది. మాది గుడిబండ దగ్గర పల్లె. మా చేని బావిలో మునిగిపోకుండా నడుముకు మునగబెండు కట్టి నాకు ఈత నేర్పింది అక్కే. బావి గుండ్రం. గోడను కుడిచేతి పక్కన ఉంచుకుని, ఊపిరికి గోడవైపే ముఖం తిప్పుతూ చుట్టూ తిరిగేవాణ్ణి. నాకు వచ్చింది ఆ ఒక్క ఈతే. గోడ లేని చోట కూడా నా ఒళ్లు ఎడమకే తిరుగుతోంది. ఏడాదంతా ఫోనులో వీడియోలు చూసి తలగోక్కున్నాను గానీ, ఆ వీడియోల్లో ఎవరూ బావిలో ఈదరు.

"నేను కట్ట మీద నీ కుడిచేతి పక్కనే నడుస్తాంటా. నన్నే గోడ అనుకో. నేను చిన్నగా కనపడితే దూరం పోతాండావని అర్థం."

ఈల మోగింది. దూకాను. ముఖం తిప్పినప్పుడల్లా చిలకపచ్చ చీర కనిపిస్తోంది. అది చిన్నదైతే ఒంటిని కుడికి లాక్కుంటున్నాను. దారి దొరికింది, మనసుకు మాత్రం నెమ్మది లేదు. ఆమెను చూసినప్పుడల్లా లోపల ఏదో గీరుతోంది.

పెద్దమనిషి అయ్యాక అక్కను బావికి పోవద్దన్నారు. అయినా మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నన్ను వెంటబెట్టుకుని పోయేది. చేపలా ఈదేది. ఒకరోజు నా బెండు విప్పేసి ఈదమంది. కడుపునిండా నీళ్లు మింగాను. నవ్వి, "ఇంగ వచ్చేసిందిలే. రేపు గోడ ఎడమ పక్కన పెట్టుకుని తిరిగేది నేర్పిస్తా" అంది. నవ్వినందుకు నాకు ఒళ్లు మండిపోయింది. అక్క బావికి వస్తోందని సాయంత్రం నాయనకు చెప్పేశాను. నాయన కొట్టలేదు, అరవలేదు. మరుసటి రోజు నుంచి అక్కను చేనివైపే పోనివ్వలేదు. ఎవరు చెప్పారని ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను మాత్రం ఆ ఎండాకాలమంతా బావిలో ఒక్కణ్ణే ఈదాను.

చెరువు అవతలి కొసలో చేతికి బురద తగిలింది. లేచి నిలబడ్డాను. గడువుకు ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి. పడవ నా వెనకాల ఎక్కడో ఖాళీగా ఉంది. ఏడుపు వచ్చింది, తుడుచుకునే తీరిక లేదు. సైకిళ్ల దగ్గరికి పరిగెత్తాను. చెన్నేకొత్తపల్లి మీదుగా పెనుకొండ దాకా తొక్కాలి, అక్కడ కొండ కింద పరుగు. జనం రాకుండా కట్టిన తాడుకు అవతల అక్క నిలబడి ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని రొప్పుతోంది. నాతో సమంగా రావడానికి ఆమె కూడా పరిగెత్తిందన్నమాట.

"ఏం చూస్తాండావు? సైకిలెక్కురా!"

బూటు లేసు ముడి పడటం లేదు. తల ఎత్తకుండానే అనేశాను.

"అక్కా, ఆ పొద్దు బావి సంగతి నాయనకు చెప్పింది నేనే."

ఆమె తాడు మీదుగా వంగి, నా తడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"తెలుసులేరా. అందుకే గదా నీకు సగం ఈతే వచ్చింది. పో ఇంగ, టైమైపోతాది."