రెండు గీతల పెళ్లి

బిట్లు, బిట్లు, బిట్లు. నరసరావుపేట హాస్టల్లో లాంగ్ టర్మ్ చదివిన ఆ ఏడాది నాకు నిద్రలో కూడా నాలుగు ఆప్షన్లే కనపడేవి. పప్పుతో తినాలా, పచ్చడితో తినాలా అన్నదానికీ ఏ, బీ, సీ, డీ లెక్కేసుకునేదాన్ని. డాక్టరు సీటు అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే తన తమ్ముడికే నన్నిచ్చి చేస్తానంది మా అమ్మ. సీటొచ్చినా చేస్తానంది, అది వేరే సంగతి.

మావయ్య మీద నాకు కోపమేం లేదు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. ఔటింగు ఇచ్చినప్పుడల్లా బండి మీద నన్ను ఊరికి తీసుకెళ్లేదీ, మళ్లీ దింపేదీ ఆయనే. పెళ్లి మాటొస్తే ఇద్దరం నేల చూపులు చూసేవాళ్లం. అమ్మ బాధంతా మా తమ్ముడి గురించి. వాడికి పుట్టు చెవుడు, మాట రాదు. "బయటోడొస్తే మా తర్వాత వీణ్ణి చూస్తాడా ఏంది? మావాడైతే కడుపులో పెట్టుకుంటాడు" అనేది.

ఓ ఆదివారం పరీక్షలో జెనెటిక్స్ బిట్లు వచ్చాయి. పెడిగ్రీ చార్టు, అంటే వంశవృక్షం బొమ్మ. గుండ్రాలు ఆడవాళ్లు, చదరాలు మగవాళ్లు, జబ్బున్నవాళ్లకి నలుపు నింపుతారు. ఒక జంట మధ్య మాత్రం రెండు గీతలున్నాయి. మర్నాడు పేపరు వివరిస్తూ సారు వెనక బెంచీ పిల్లని లేపాడు.

"ఈ రెండు గీతలంటే ఏంటమ్మా?"

"పెద్దలు కుదిర్చిన పెళ్లి సార్."

"మరి ఒక్క గీతైతే?"

"లవ్ మ్యారేజ్ సార్."

క్లాసంతా ఘొల్లుమంది. సారు కూడా నవ్వి, "దగ్గర రక్తంలో పెళ్లమ్మా. మన మేనరికం" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. మాలో చానామంది ఇళ్లల్లో ఉన్నవి ఆ రెండు గీతలే మరి.

ఆ బొమ్మలో తల్లిదండ్రులకి ఏ జబ్బూ లేదు, కొడుకు చదరం మాత్రం నల్లగా ఉంది. నేను సరైన ఆప్షనే దిద్దాను, మార్కులూ పడ్డాయి. సంతోషం మాత్రం రాలేదు. రఫ్ కాగితం మీద మా ఇల్లు గీశాను. అమ్మ నాన్నకి మేనత్త కూతురు, రెండు గీతలు పెట్టాను. తమ్ముడి చదరంలో నలుపు నింపాను. అమ్మ పక్కన మావయ్యని గీసి, ఆయన దగ్గర్నుంచి నా దాకా రెండు గీతలు లాగబోయి పెన్ను పడేశాను. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

తర్వాతి ఔటింగుకి బండి మీద వెళ్తుంటే పిడుగురాళ్లలో టీకి ఆగాం. మావయ్యకి మొత్తం చెప్పాను.

"అంటే మనకీ వాడిలాగే పుడతారా?"

"పుడతారని కాదు. పుట్టే అవకాశం ఎక్కువంట."

"అక్కకి చెప్పావా?"

"ఫోన్లో చెప్పా. చదివీ చదివీ మతి పోయిందే నీకు, మా అమ్మమ్మ కాలం నుంచీ చేసుకోట్లేదా అంది."

టీ చల్లారిపోయినా ఆయన తాగలేదు. "సరేలే. నాకే ఇష్టం లేదని చెప్తా. తిడితే నన్నే తిడుతుంది. నువ్వు మధ్యలో మాట్లాడబాక" అన్నాడు.

"మరి తమ్ముడో?"

ఎప్పుడూ లేంది ఆయనకి కోపమొచ్చింది. "ఏందే ఆ మాట? నిన్ను చేసుకుంటేనే వాడు నా మేనల్లుడా?" అని టీ పారబోసి బండి తీశాడు.

ఇంటికెళ్లాక అన్నాల దగ్గరే చెప్పేశాడు. అమ్మ గరిటె విసిరికొట్టింది. "ఒరేయ్, నా బిడ్డలో ఏం వంక కనపడిందిరా నీకు? నువ్వున్నావనే గదరా ఇన్నాళ్లూ గుండె మీద చెయ్యేసుకుని పడుకుంది! ఇంక నా గడప తొక్కబాక!" అని శాపనార్థాలు పెడతానే ఉంది. నేను నోరు తెరవబోతే ఆయన కళ్లతోనే వద్దన్నాడు. తలొంచుకుని అన్నం కలుపుతా ఉన్నాడు, ముద్ద మాత్రం ఎత్తట్లేదు.

తమ్ముడికి ఇవేవీ వినపడవు. మావయ్య కంచంలో పెరుగు లేదని చూసి, తన గిన్నెలోది తెచ్చి వంచాడు.