రూఫ్ లేని చోట గొడ్డలి

పందొమ్మిదేళ్లు ఓవర్‌మన్‌గా గనిలోకి దిగిన నన్ను, రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో గోదావరిఖని దగ్గరి శిక్షణ కేంద్రానికి వేశారు. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో గనిలోని ఒక భాగం మొత్తానికి జవాబుదారీ. నేను చెప్తే జరగాలి, అంతే. ఆ అలవాటుతోనే అక్కడికి పోయాను.

అప్పటికి రూఫ్‌కు, అంటే నెత్తి మీది బండకు, ఇనుప బోల్టులు వేయడం వచ్చి, కర్ర స్తంభాలు నిలబెట్టే టింబర్‌మన్‌ల పని తగ్గింది. వాళ్లలో రాజమల్లు ఒకడు. మోకాలి నొప్పని డాక్టర్లు అతన్ని గనిలోంచి పైకి పంపారు. పైన పని చేయగలడో లేదో తేల్చి రాయాల్సింది నేను. పాత స్తంభాలను క్యాంటీన్ పొయ్యికి చీల్చే పని ఇచ్చాను. నెల తిరక్కముందే గొడ్డలి రెండుసార్లు జారి అతని బూటును కోసింది. మూడోసారి కాలే పోవచ్చు. పనికిరాడని నేను రాస్తే ఉద్యోగం పోతుంది. సర్వీసు ఇంకా రెండేళ్లుంది.

అతను దుంగను నేల మీద పడుకోబెట్టి, కాలితో తొక్కిపట్టి, చెవి దాకా మాత్రమే గొడ్డలి లేపి కొట్టేవాడు. అది తప్పని పాఠం చెప్పాను. దుంగను వెడల్పాటి మొద్దు మీద నిలబెట్టాలి. కాళ్లు ఎడంగా ఉండాలి. ముడి ఉన్నచోట కాకుండా, పగులు కనబడే వైపు అంచున కొట్టాలి. గొడ్డలిని తల మీదుగా పూర్తిగా ఎత్తి, దించేటప్పుడు మోకాళ్లు వంచాలి. అప్పుడు దెబ్బ తప్పినా మొద్దుకే తగులుతుంది, కాలికి రాదు. అన్నీ చేశాడు, ఎత్తడం తప్ప. గొడ్డలి నుదుటి దగ్గరే ఆగిపోయేది.

"పైన ఏమున్నదయ్యా? ఆకాశమే గదా!" అని కసిరాను.

"నాకెరుకే సార్. చేతులకే ఎరుక లేదు," అన్నాడు.

వెటకారమనుకున్నాను. ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే "చెప్పిన మాట వినడు, పనికిరాడు" అని ఉత్తరం రాసి, సంతకం ఒక్కటి మిగిల్చాను.

మర్నాడు పొద్దున, నేర్పలేదని రేపు ఎవరూ అనకుండా, కేంద్రంలోని అందరినీ పిలిచి నేనే గొడ్డలి పట్టాను. ఎత్తాను. సరిగ్గా తల మీదికి వచ్చేసరికి నా మెడ దానంతటదే భుజాల్లోకి ముడుచుకుంది, మోచేతులు మడతపడ్డాయి. గొడ్డలి దుంగ అంచున జారి, నా ఎడమ బూటుకు జానెడు దూరంలో బురదలో దిగబడింది.

క్యాంటీన్‌లో వంట చేసే పోశక్క ఊరుకుంటుందా! "ఏంది సార్, మీ నెత్తి మీద గూడ రూఫ్ ఉన్నదా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. రాజమల్లు నవ్వలేదు. గొడ్డలి పీకి పక్కన పెట్టి, "తాకలే గద సార్?" అని అడిగాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

మేమిద్దరం పనిచేసిన చోట మనిషి నిటారుగా నిలబడలేడు. అక్కడ చెయ్యి ఎత్తినవాడికి బండ తగులుతుంది. అది మాటలతో పోయే అలవాటు కాదు.

ఉత్తరం చింపేశాను. గనిలో దుంగలు ఎట్ల చీల్చేవాడివని రాజమల్లును మొదటిసారి అడిగాను. "వెడ్జ్ పెట్టి సుత్తెతోని కొడ్తుంటి సార్. ఎత్తుడెందుకు?" అన్నాడు. స్తంభానికీ రూఫ్‌కూ మధ్య వెడ్జ్, అంటే ఒక కొస పలచగా ఉండే చీల, బిగించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. మొద్దు మీద పాత లారీ టైరు బిగించి, దుంగను అందులో నిలబెట్టాం. ఇక కాలితో తొక్కే పని లేదు. గొడ్డలితో చిన్న గాటు, అందులో ఇనుప వెడ్జ్, దాని మీద పొట్టి పొట్టి దెబ్బలు. పని నెమ్మదిగా సాగేది, కానీ ఏదీ జారలేదు. రెండేళ్ల తర్వాత రాజమల్లు తన రెండు కాళ్ల మీద నడుచుకుంటూ రిటైరై ఇంటికి పోయాడు.

ఆ తర్వాత, ఆ పని ముందు నేను చేసి చూడకుండా ఎవరి మీదా "చెప్పిన మాట వినడు" అని రాయలేదు. అంతకుముందు పందొమ్మిదేళ్లలో చాలామంది మీద రాశాను. వాటన్నిటి కిందా నా సంతకం ఉంది. వాటిలో ఎన్ని నిజమో ఇప్పుడు చెప్పలేను.