నబీ సాబ్ తూకం

నేను కోపిష్టిదాన్నని వికారాబాద్‌ల నా దగ్గర కంపౌండర్ పని నేర్చుకునే పోరీలంత చెప్పుకుంటరు. చెప్పుకోనీ. పిల్లల మందు కలిపేకాడ నవ్వులాటలు నాకు నచ్చయి. కోపం నాదే గాని, చేతిల పని మాత్రం తాండూరు గులాం నబీ సాబ్ పెట్టింది. ఆయన సంగతి ఎన్మిదేండ్లు తప్పు చెప్పిన. ఇయ్యాల సక్కగ చెప్త.

అరవై తొమ్మిదిల మోమిన్‌పేట్ నుంచి తాండూరు పోయిన. నాకు పందొమ్మిదేండ్లు. ఆడ ఒక చిన్న పిల్లల దవాఖాన ఉండె, ఒక డాక్టరు, ఒక కంపౌండరు. గా కంపౌండరే నబీ సాబ్. గప్పుడు పిల్లలకని వేరే మందులు యాడివి? పెద్దోళ్ల గోలీనే కల్వంల నూరి, చక్కెర గలిపి, పిల్ల బరువును బట్టి పొట్లాలు కట్టాలె. బరువు తెల్వకుంట పొట్లం కట్టబోతే చేతి మీద ఒక్కటి ఏస్తుండె. "పెద్దోళ్లకు జర ఎక్కువైనా తట్టుకుంటరు. గీ పాణం తట్టుకోదు, బిడ్డా" అంటుండె.

బరువు సూసుడే పెద్ద లొల్లి. పసిపిల్లను ఒక్కదాన్నే కాంటా మీద పెడితే తరిగిపోతదని తల్లులు ఒప్పుకోకపోతుండిరి. డాక్టరు కసురుతుండె. నబీ సాబ్ కసరలే. ఒక గింజల దుకాణం నుంచి బస్తాలు తూచే పాత కాంటా తెప్పిచ్చిండు. "పిల్లను కాదమ్మా, నిన్ను తూస్తున్న, మస్తు లావైనవ్" అని తల్లిని నవ్విచ్చి, సంకల పిల్లతోని ఎక్కిస్తుండె. తర్వాత తల్లిని ఒక్కదాన్నే ఎక్కిస్తుండె. మొదటి తూకంల నుంచి రెండోది తీసేస్తే పిల్ల బరువు. ఎవ్వరి మనసూ నొవ్వకపోతుండె. ఆయన సదివింది ఏడో తరగతి.

డెబ్బై మూడు, కంది కోతల కాలం. నబీ సాబ్ మందుల పార్సిల్ కోసం రైలు స్టేషన్‌కు పోయిండు. గాడనే పొద్దు వంగింది.

గప్పుడే కాగ్నా వాగు అవతలి ఊరి నుంచి ఎంకమ్మ అని ఒక కూలి మనిషి, పదకొండు నెల్ల కొడుకును పట్టుకొని వచ్చింది. చలిజొరం. డాక్టరు రాసిన మందు, ఎక్కువైతే గుండెను ఆపే మందు. తల్లిని పిల్లగానితోని కాంటా ఎక్కిచ్చి, అంకె రాసుకుంట తల వంచిన. ఆమె దిగి పిల్లగాన్ని బల్ల మీద పండబెట్టింది. కూలికిచ్చిన కందులు ఒడిల కట్టుకొని ఉండె. వాడు దొర్లి పడొద్దని గా మూట ఇప్పి వాని పక్కకు ఒత్తిపెట్టి, మళ్ల కాంటా ఎక్కింది. నేను సూడలే. బయట ఇంక ఇరవై మంది ఉన్నరు, నాకు తొందర. మూడు కిలోల కందులు వాని బరువుల గలిసినయి. ఐదు కిలోల పిల్లగానికి ఎన్మిది కిలోల లెక్కన పొట్లాలు కట్టి, ఒకటి ఆడనే తాపిచ్చి, మిగిలినయి ఇచ్చి పంపిన.

నబీ సాబ్ వచ్చి తూకాల బుక్కు సూసిండు.

"పిల్లగాడు ఎట్లుండె?"

"పుల్ల లెక్క ఉండె, సాబ్."

"పుల్ల ఎన్మిది కిలోలు తూగుతదా, రాహేలూ?"

సైకిలెక్కి వాగు దాటి పోయిండు. ఆయన పోయేసరికి రెండో పొట్లం తాపినరు, పిల్లగాడు పాణం ఇడిసిండు. కందుల ముచ్చట ఎంకమ్మనే ఏడ్సుకుంట చెప్పిందట.

తెల్లారి డాక్టరు ముంగట నబీ సాబ్, "స్టేషన్‌కు పోయే ముందు నేనే తూచిన, నేనే కట్టిన. నేను చెప్తే గీ పోరి బుక్కుల రాసింది" అన్నడు. గంత మందిల ఎవరు ఎప్పుడొచ్చిండ్రో డాక్టరుకు యాది లేకుండె. నేను పక్కనే ఉన్న. నోరు తెరవాలె. తెరవలే. బయటికొచ్చినంక నాతోని, "నా వయసు అయిపోయింది, నేను ఎట్లనన్న బతుకుత. నిన్ను ఎల్లగొడితే నేర్పిందంత మట్టిల గలుస్తది. మంచిగ నేర్చుకో, పదిమందికి నేర్పు" అన్నడు. గంతే.

ఆయన్ను మందు ముట్టొద్దన్నరు. నాపరాళ్ల గని కాడ లారీల లెక్క రాసుకునే పనిల చేరిండు. బజార్ల పోతుంటే పిల్లగాన్ని సంపిన కంపౌండరని ఏలు పెట్టి సూపిస్తుండిరి. అలీమాబీ, ఆయన భార్య, గా మాటలు పడలేక బయటికి ఎల్లుడే మానేసింది. ఎనభైల ఆయన పోయిండు. మయ్యత్ లేపి బొందలగడ్డకు తీస్కపోతుంటే నేను రోడ్డు అవతల నిలబడ్డ. ఇంట్లకు పోనీకె మొఖం లేకుండె.

నాకైతే డెబ్బై ఆరుల వికారాబాద్‌ల నేర్పే నౌకరీ వచ్చింది. ఏడాదికోపాలి తూకం పాఠం వస్తది. "తల్లి ఒడి తడిమి సూడుండ్రి. తాండూర్ల గులాం నబీ అని ఒక కంపౌండరు సూడలే, ఒక పిల్లగాడు సచ్చిపోయిండు" అని చెప్తుంటి. పేరు లేకుంట చెప్పొచ్చు గద? పేరు చెప్తే పోరీలకు యాదుంటదని నాకు నేను చెప్పుకున్న. ఉత్తదే. ఆయన పేరు ఎంత గట్టిగ చెప్తే నాకు గంత నిద్ర పడుతుండె. సిగ్గులేని దాన్ని.

ఎనభై నాలుగుల గదే పాఠం అయిపోయింది. కొత్తగ వచ్చిన ఒక పోరి, పేరు షాహజాది, అందరు పోయినా బెంచీ కాడ్నే నిలబడ్డది. ఏందని కసిరిన.

"మేడం, గులాం నబీ మా అబ్బా, మా నాయన" అన్నది. "ఇంట్ల ఎన్నడు గీ ముచ్చట చెప్పలే. పని నేర్చుకుంటే రాహేలమ్మ దగ్గర్నే నేర్చుకో అని మాత్రం సచ్చేముందు అన్నడు. గప్పుడు మీరు గాడనే ఉన్నరట గద. మా అబ్బా చేసిన తప్పుకు మీరెంత పరేషాన్ అయిండ్రో. ఆయన తరపున నేను మాఫీ అడుగుతున్న."

చేతులు జోడిచ్చింది. నబీ సాబ్ చేతులే, గవే సన్నటి పొడుగు ఏళ్లు. నిజం నాలుక మీదికి వచ్చింది.

"పర్వాలేదు బిడ్డా, అయిందేదో అయింది" అన్న.

గా పోరి వంగి నా కాళ్లు ముట్టుకొని పోయింది.