గుమ్మం ముందు దగ్గు

న్యూగినీ కొండల్లో మంచు విడవకముందే లకావ్ విల్లు పట్టుకుని అడవిలోకి పోతాడు. ఎర్రపళ్ల చెట్టు మీద ఆకులతో కట్టుకున్న మాటులో కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. పిడికెడంత పచ్చపిట్టలు గుంపుగా వాలి పళ్లు గుటుక్కున మింగుతుంటే, ఒకదాన్ని కొట్టి ఆకులో చుట్టుకుని దిగుతాడు. ఆ ఊళ్లో ఆడవాళ్ల ఇల్లు వేరు, మగవాళ్ల ఇల్లు వేరు. ఆడవాళ్ల ఇంటి గుమ్మం మగవాడు దాటకూడదు. అందుకని బయటే నిలబడి ఒకసారి దగ్గుతాడు. లోపలి నుంచి పెళ్లాం కిపాన్ చెయ్యి చాచి పొట్లం అందుకునేది. పిట్టను కోసి, పొట్టలో అరగని పండు తీసి అతని అరచేతిలో పడేసేది. "ఇదిగో నీ కూలి. ఇంక పో!" అని నవ్వేది.

కిపాన్ చచ్చిపోయి నాలుగు రోజులైంది. లకావ్‌కి ఏడుపు రాలేదు. ఇవాళ కూడా వెళ్లి దగ్గాడు. చావు మైలకని మట్టి పూసుకున్న చెయ్యొకటి బయటికొచ్చింది.

"బావా, నేను మినావోన్‌ని. అక్క లేదుగా."

"తెలుసు. తీసుకో."

మరదలు పొట్లం తీసుకుంది. లకావ్ కదల్లేదు, అరచెయ్యి చాచుకుని అలాగే నిలబడ్డాడు. ఆకలేస్తోందేమోనని ఆమె నిప్పుల్లోంచి చిలగడదుంప తీసి ఆ చేతిలో పెట్టింది. అతను వేళ్లు ముడిచాడు.

"అయ్యో, కాలుతుంది బావా, వదిలెయ్!"

అతను దుంప వంక చూశాడు.

"కాలుతోందా?" అన్నాడు.